ధనశ్రీ పేరు మీద

కోచింగ్ అకాడమీలో ఆదివారం జరిగే సభలో తనను స్టేజి మీదికి పిలుస్తారని అర్ఫాకు ముందురోజే చెప్పారు. ఎందుకు పిలుస్తారో మాత్రం చెప్పలేదు. స్క్రీనింగ్ టెస్టులో అందరికంటే ఎక్కువ మార్కులు తనవే కాబట్టి క్యాట్ బ్యాచిలో మొదటి పేరు తనదే చదువుతారని ఆమె అనుకుంది. అందుకే తల్లి జహీరున్నీసాను ఆ పూట పని మాన్పించి వెంటబెట్టుకుని వచ్చింది.

శిఖర అకాడమీ బ్రాడీపేటలో ఒక కళ్ళజోళ్ళ షాపు మీద రెండు అంతస్తుల్లో ఉంది. కింది అంతస్తులో ఐసెట్ క్లాసులు, పైన ఏసీ గదుల్లో క్యాట్ క్లాసులు. రెండూ ఎంబీఏ చదువు కోసం రాసే పరీక్షలే. ఐసెట్ రాస్తే మన రాష్ట్రంలోని కాలేజీల్లో సీటు వస్తుంది. క్యాట్‌లో మంచి మార్కులు వస్తే అహమ్మదాబాదు, బెంగుళూరు లాంటి చోట్ల దేశమంతా గొప్పగా చెప్పుకునే సంస్థల్లో చదవొచ్చు. ఎవరు ఏ పరీక్షకు పనికొస్తారో తేల్చి చెప్పడంలో డైరెక్టర్ వేణుగోపాల్‌ది అందెవేసిన చెయ్యి. చిలకలూరిపేట నుంచి, పర్చూరు నుంచి, మార్టూరు నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి ఆయన ముందు కూర్చోబెట్టేది ఆ ఒక్క మాట కోసమే.

హాలు నిండిపోయింది. ఇస్త్రీ చొక్కాల తండ్రులు, పట్టుచీరల తల్లులు. జహీరున్నీసా వెనక వరసలో గోడవార కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఉదయం చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. అయినా పక్కనున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక కుర్చీ అవతలికి జరిగింది.

"అమ్మా అర్ఫా, రామ్మా," అన్నాడు వేణుగోపాల్ మైకులో. "భయపడకు. నీ గురించి ఒక నిమిషం ఇంగ్లీషులో చెప్పు. అంతే."

అర్ఫా మైకు పట్టుకుంది. "గుడ్ మార్నింగ్ టు ఆల్. మై నేమ్ ఈజ్ అర్ఫా. ఐ యామ్ స్టడీయింగ్ ఫైనల్ ఇయర్ బీకామ్." అక్కడిదాకా బాగానే వచ్చింది. "మై మదర్ ఈజ్..." అని ఆగింది. జహీరున్నీసా మిర్చి షెడ్డులో కాయలకు ముచ్చికలు తీస్తుంది. ముచ్చికకు ఇంగ్లీషు మాట ఏమిటో గుర్తు రాలేదు. వేరే ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. కానీ ఆ మాట కోసం వెతుకుతూ ఉండిపోయింది. "మై మదర్ ఈజ్... రిమూవింగ్..."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒక్కో వరసే పాకుతూ వెనక్కి వెళ్ళింది. వేణుగోపాల్ మైకు అందుకోలేదు. చేతి గడియారం చూసుకుంటూ, నిమిషం పూర్తయ్యేదాకా ఆమెను అక్కడే నిలబెట్టాడు. అప్పుడు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"చూశారుగా," అన్నాడు జనంతో. "ఈ అమ్మాయి మా స్క్రీనింగ్ టెస్టులో ఫస్టు. లెక్కలిస్తే మిషను. ఇంకో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళయితే ఏం చేస్తారు? క్యాట్ అని ఊరించి కూర్చోబెడతారు. నేనట్లా చెయ్యనండీ. క్యాట్ అంటే పర్సనాలిటీ. అది ఇంటి దగ్గర్నుంచి రావాలి. ఈ అమ్మాయిది ఐసెట్ మెటీరియల్. మొహం మీదే చెప్తున్నా, రేప్పొద్దున నన్ను తిట్టుకోకూడదుగా!"

తండ్రులు తలలూపారు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి అనుకున్నారు. అప్పుడు వెనక గోడవార నుంచి చప్పట్లు వినపడ్డాయి. జహీరున్నీసా లేచి నిలబడి, చేతులు పైకెత్తి, గట్టిగా కొడుతోంది. ఆమెను చూసి నలుగురు, వాళ్ళను చూసి హాలంతా కొట్టారు. అర్ఫా తల దించుకుని మెట్లు దిగింది. పాపం అమ్మకు ఏమీ అర్థం కాలేదనుకుంది. అది అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది.

తరువాత ధనశ్రీని పిలిచారు. పర్చూరు పొగాకు వ్యాపారి దుర్గాప్రసాద్ కూతురు. డిగ్రీలో అర్ఫా పక్క బెంచీ, లెక్కలు అర్ఫా చేతే చెప్పించుకుంటుంది. స్క్రీనింగ్ టెస్టులో అర్ఫాకు వచ్చిన మార్కుల్లో సగం కూడా రాలేదు. కానీ మైకు పట్టుకుని, తనకు ప్రయాణాలంటే ఎంత ఇష్టమో, కిందటి వేసవిలో కూర్గ్‌లో కాఫీ తోటలు ఎలా ఉన్నాయో గలగలా చెప్పేసింది. నిమిషం దాటినా ఆయన గడియారం చూసుకోలేదు.

"ఇదీ క్యాట్ అంటే!" అన్నాడు వేణుగోపాల్.

సోమవారం కాలేజీ లేదు. అర్ఫా తల్లితో పాటు షెడ్డుకు వెళ్ళింది. కోల్డ్ స్టోరేజీ నుంచి దించిన తేజ రకం కాయలు రేకుల కింద కుప్పలు పోసి ఉన్నాయి. కుప్ప చుట్టూ ఆడవాళ్ళు మూతులకు గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. కాయను ఎడమచేత్తో పట్టుకుని కుడిచేతి బొటనవేలి గోరుతో ముచ్చికను చిటుక్కున విరిచి, కాయను తట్టలో, ముచ్చికను ఒళ్ళోకి వేస్తారు. రంగు పోయిన తాలు కాయలు వెనక్కి విసిరేస్తారు. ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు. జహీరున్నీసా కాయల వంక చూడదు కూడా. వేళ్ళకే తెలుసు.



"నిన్న చప్పట్లెందుకు కొట్టావమ్మా?" అంది అర్ఫా చివరికి.

"నవ్వుతున్నారుగా."

"అయితే?"

"ఆ నవ్వు నీకు వినపడకూడదని." జహీరున్నీసా చేతిలో కాయ విరిచి తట్టలో వేసింది. "ఆయనేమన్నాడో నాకు తెలియలేదనుకున్నావా? తెలుగులోనేగా అన్నాడు."

అర్ఫాకు కళ్ళు మండాయి. మోచేత్తో తుడుచుకుంది, చేత్తో తుడిస్తే ఇంకా మండుతుంది కాబట్టి.

"ఇంటి దగ్గర్నుంచి రావాలన్నాడు," అంది జహీరున్నీసా మళ్ళీ. "మనింటి దగ్గర్నుంచి ఏమొస్తుందే, ఈ ఘాటు తప్ప." నవ్వబోయి దగ్గింది. "ఆ రెండు పరీక్షలూ రాయకూడదా ఏం?"

"రాయొచ్చు. క్యాట్ నవంబర్లో, ఐసెట్ మేలో. క్యాట్‌కి అప్లై చెయ్యడానికి ఈ శనివారమే ఆఖరు."

"మరింకేం?"

"నేను ఆగిపోయానుగా అమ్మా. అంతమందిలో నోరు పెగల్లేదు. ఆయన చెప్పింది నిజమేనేమో."

జహీరున్నీసా ఇంకో దోసెడు కాయలు ముందుకు లాక్కుంది. అర్ఫా ఆ రాత్రి అన్నం చెంచాతో తింది. ఒక్క పూటకే వేళ్ళు వాచిపోయి, తాకితే మండుతున్నాయి.

మంగళవారం సాయంత్రం ధనశ్రీ ఫోన్ చేసింది. "ఒక్కసారి హాస్టల్‌కి రావే. ప్లీజ్."

ధనశ్రీ హాస్టల్ నాలుగో లైన్లో ఉంది. ఒక్కదానికే గది, కిటికీకి నీలం తెర, బల్ల మీద కొత్త లాప్‌టాప్. ధనశ్రీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇవాళ మొదటి మాక్ టెస్టు. రాత్రి లోపల ఎప్పుడైనా రాయొచ్చు. మార్కులు తిన్నగా నాన్న ఫోన్‌కి వెళ్తాయి," అంది. "స్క్రీనింగ్ మార్కులు చూసి అన్నం ముందు నుంచి లేచిపోయాడే. ఇది కూడా పోతే చదువు మాన్పించి మా మేనత్త కొడుక్కి ఇచ్చేస్తానన్నాడు. ఊరికే అనేరకం కాదు మా నాన్న. మా అక్కకి అట్లాగే చేశాడు."

"నేనేం చెయ్యను?"

"నువ్వు రాయవే. ఈ ఒక్కసారికి."

వద్దని చెప్పి లేవాల్సిందే. కానీ అర్ఫా చూపు లాప్‌టాప్ మీద ఉంది. క్యాట్ పేపరు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. కింది అంతస్తు వాళ్ళకు చూపించరు. కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద పైన కుడివైపు 'ధనశ్రీ' అన్న పేరు, ఆదివారం స్టేజి మీద నవ్వుతున్న ఫోటో.

మొదట ఇంగ్లీషు. పేజీ పొడుగు వ్యాసాలు, వాటి కింద ప్రశ్నలు. ఇంగ్లీషు పైకి మాట్లాడడానికి ఆమెకు జీవితంలో ఎవరూ లేరుగానీ, చదవడానికి మాత్రం కరువు లేదు. షాపుల్లో పొట్లాలు కట్టిన పేపరు ముక్కల దగ్గర్నుంచి లైబ్రరీలో నెలల పాత పత్రికల దాకా అన్నీ చదివింది. అచ్చులో ఉన్న ఇంగ్లీషు ఏనాడూ ఆమెను చూసి నవ్వలేదు. చదువుతోంది, టిక్కు పెడుతోంది, చదువుతోంది. తరువాత పట్టికలు, తరువాత లెక్కలు. ధనశ్రీ పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోందన్న సంగతి కూడా మర్చిపోయింది.

అయిపోగానే తెర మీద అంకె వచ్చింది. తొంభై ఏడు పర్సంటైల్. అంటే దేశమంతటా ఆ మాక్ రాసిన ప్రతి వందమందిలో తొంభై ఏడుగురి కంటే పైన. మూడు భాగాల్లోనూ ఎక్కువ వచ్చింది ఇంగ్లీషులోనే.

"అమ్మో!" అని ధనశ్రీ ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. "బతికించావే!"

అర్ఫా ఆ అంకెను, దాని మీదున్న ధనశ్రీ ఫోటోను చూస్తూ కూర్చుంది. ఆదివారం నుంచి గుండెల మీద పెట్టిన బండరాయిలాంటిదేదో పక్కకు జరిగింది. దాని కింద కోపం ఉంది. అది ఇంతకాలం అక్కడే ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

గురువారం దుర్గాప్రసాద్ పర్చూరు నుంచి కారేసుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, బంగారు గొలుసు, వెనక డ్రైవరు చేతిలో స్వీటు డబ్బాలు. వేణుగోపాల్ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"నేను చెప్పలేదటండీ? మనిషిని చూడగానే చెప్తాను నేను."

"మీ దయ సార్. మా వాళ్ళందరికీ చెప్పాను. ఇంకొల్లు నుంచి మా బావమరిది పిల్లలిద్దర్నీ తెస్తున్నాడు."

"అర్ఫా, నువ్వు ఊరికే ఉన్నావుగా, ఈ స్వీట్లు అన్ని క్లాసులకీ పంచమ్మా," అన్నాడు వేణుగోపాల్.

ఆమె పంచింది. పైన ఏసీ గదులకు మొదటిసారి వెళ్ళింది అప్పుడే. వరసల మధ్య నడుస్తూ డబ్బా చాపితే, ఆమె వంక చూడకుండానే ఒక్కొక్కరూ తీసుకున్నారు. ధనశ్రీ మాత్రం తీసుకోలేదు. తల ఎత్తలేదు.

దుర్గాప్రసాద్ వెళ్ళిపోయాక అర్ఫా డైరెక్టర్ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. మాటలు ముందే కూడబలుక్కుంది.

"సార్, ఆ మాక్ టెస్టు రాసింది ధనశ్రీ కాదు. నేను."

వేణుగోపాల్ ఫోన్లో ఏదో చూస్తూ, "తెలుసు," అన్నాడు.

అర్ఫాకు ఆ తరువాత చెప్పవలసిందేదీ గుర్తు రాలేదు.

"ఆ అమ్మాయికి శాతాలే రావు. తొంభై ఏడు ఎట్లా వస్తుంది? ఆమెకి లెక్కలు చెప్పేది నువ్వేనని అందరికీ తెలుసు." ఫోను బల్ల మీద పెట్టాడు. "అయితే ఏమంటావిప్పుడు?"

"నన్ను కూడా క్యాట్ బ్యాచిలో కూర్చోబెట్టండి సార్."

"ఎట్లా కూర్చోబెట్టనమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "మొన్ననేగా అంతమంది ముందు నువ్వు పనికిరావని చెప్పాను. ఇవాళ తీసుకెళ్ళి పైన కూర్చోబెడితే నా మాటకి విలువేముంటుంది?"

"కానీ నాకు మార్కులు..."

"నీకు రాలేదు. ధనశ్రీకి వచ్చాయి. పో, వెళ్ళి అందరికీ చెప్పు, ఇంకొకరి పేరు మీద దొంగచాటుగా రాశానని. ఎవరి తల మీదికొస్తుందో చూద్దాం." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడు, నిన్ను ఫీజు లేకుండా చేర్చుకుంది ఐసెట్ కోసం. మేలో నువ్వు నాకు మొదటి పది ర్యాంకుల్లో ఉంటావు. గుంటూరంతా నీ ఫోటో వేయిస్తాను. అది చాలదూ? నవంబరు దాకా క్యాట్ అని అటు తిరిగావంటే ఆ ర్యాంకు పోతుంది. అప్లై చేశావని తెలిస్తే ఆ రోజు నుంచి కింద క్లాసుకి కూడా రానక్కర్లేదు. ఏదో ఒకటి తేల్చుకో."

ఆమె కదలలేదు.

"స్వీటు తిన్నావా?" అని డబ్బా ఆమె వైపు తోశాడు. ఆమె ఒకటి తీసుకుంది. ఎందుకు తీసుకుందో తనకే తెలియదు. చెప్పినట్టు వినడం అలవాటైపోయిన చెయ్యి అది. మెట్ల మీద దాన్ని నమిలి మింగేసింది. తియ్యగానే ఉంది.

శనివారం మధ్యాహ్నం అర్ఫా తనంతట తనే హాస్టల్‌కు వెళ్ళింది. ఆ పూట రెండో మాక్ టెస్టు ఉందని ఆమెకు తెలుసు. ధనశ్రీ భోజనానికి కిందికి వెళ్తూ, "నువ్వు కూర్చోవే, వచ్చేస్తా," అంది.

తలుపు మూసుకోగానే అర్ఫా లాప్‌టాప్ తెరిచి క్యాట్ దరఖాస్తు మొదలుపెట్టింది. పేరు, పుట్టిన తేదీ, చదువు. సాయంత్రాలు తను చెప్పే ట్యూషన్ పిల్లల దగ్గర వచ్చినదంతా ఫీజుకు కట్టేసింది. పరీక్ష రాసే ఊరు ఎంచుకోమంటే గుంటూరుకు బదులు విజయవాడ పెట్టింది, ఇక్కడైతే ఎవరైనా చూస్తారని. సోమవారం నుంచి మామూలుగానే కింది అంతస్తులో ఐసెట్ క్లాసుకు వెళ్ళాలి. నోట్సు రాసుకోవాలి. సార్ ఎదురుపడితే నమస్కారం పెట్టాలి. అవన్నీ ఆమె వచ్చే దారిలోనే ఆలోచించి పెట్టుకుంది.

ధనశ్రీ పెరుగన్నం తినీ తినకుండా వచ్చినట్టుంది. మంచం మీద కూర్చుని, "ఏమే, ఒకటి అనుకున్నాను," అంది. "నాన్నకి నిజం చెప్పేస్తా. మొన్న స్వీట్లు నీ చేత పంచిస్తుంటే చచ్చిపోవాలనిపించింది. ఇవాళ్టిది నేనే రాస్తా. ఎంతొస్తే అంత. నవంబర్లో ఎట్లాగూ నేనే కదా రాయాలి."

అర్ఫా ఆమె వంక చూసింది. ఆ ముఖంలో దాపరికం ఏమీ లేదు. వారం నుంచి ఆ అకాడమీలో అర్ఫాను చూసి సిగ్గుపడిన మనిషి ఇదొక్కతే. 'అవును, నువ్వే రాయి' అంటే చాలు. కానీ అప్పుడు ఈ లాప్‌టాపు, పై అంతస్తు వీడియో పాఠాలు, నవంబరు దాకా వచ్చే మాక్ టెస్టులు, అన్నీ ధనశ్రీతో పాటు పర్చూరు వెళ్ళిపోతాయి.

"ఇప్పుడు చెప్తే ఏమవుతుందో తెలుసుగా," అంది అర్ఫా. తన గొంతు అంత నెమ్మదిగా రావడం ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. "సోమవారానికల్లా నువ్వు పర్చూరులో ఉంటావు. మీ అక్క సంగతి నువ్వేగా చెప్పావు."

ధనశ్రీ ముఖం పాలిపోయింది.

"నవంబరుకి ఇంకా టైముంది. ఈలోపల నీకు లెక్కలన్నీ మొదట్నుంచి నేను నేర్పిస్తా. నువ్వు గట్టిపడ్డాక నువ్వే రాద్దువుగాని. అప్పటిదాకా మాక్‌లు నేను చూసుకుంటా. వీడియోలు కూడా నేను చూస్తే కదా నీకు చెప్పగలిగేది. పాస్‌వర్డు నా దగ్గర కూడా ఉండనీ."

"నిజంగా నేర్పిస్తావా?"

"నిజంగా."

అంటున్నప్పుడే అర్ఫాకు తెలుసు, అంత తీరిక ఉండదని. ఉదయం కాలేజీ, ఆపైన ఐసెట్, సాయంత్రం ట్యూషన్లు, మిగిలిన ప్రతి గంటా తన క్యాట్‌కు కావాలి. నవంబర్లో ధనశ్రీ ఒక్కతే పరీక్ష హాల్లో కూర్చుంటుంది. ఆ తరువాత ఆమె మార్కులు చూసి తండ్రి అన్నం ముందు నుంచి లేస్తాడు.

ధనశ్రీ ఫోనులో పాస్‌వర్డు పంపించింది. వచ్చి అర్ఫా భుజం మీద తల ఆనించింది. "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నే." తల ఎత్తి మళ్ళీ అంది, "పోనీ, ఇవాళ మొదటి భాగం ఒక్కటి నేను రాస్తా. ఇంగ్లీషేగా, అదైనా చూసుకుంటా. రెండు రాత్రుల్నుంచి నిద్ర లేదు, తల పగిలిపోతోంది. ఒక్క కునుకు తీస్తా. టెస్టు మొదలుపెట్టే ముందు లేపు. మర్చిపోవుగా?"

"పడుకో. లేపుతా."

ధనశ్రీ గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. చూస్తుండగానే నిద్రపట్టేసింది. కింద వీధిలో ఆటోలు ఒకటే మోత. ఎండ కిటికీలోంచి వచ్చి ఆమె ముఖం మీద పడుతోంది.

టెస్టు తెరుచుకుంది. అర్ఫా లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. ధనశ్రీ భుజం దాకా చెయ్యి చాపింది. నిద్రలో ఆమె పెదవులు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా ఉంది. అర్ఫా ఆ చేత్తోనే నీలం తెరను ఎండ పడకుండా మెల్లగా లాగింది. చప్పుడు కాకుండా వచ్చి కుర్చీలో కూర్చుని, మొదటి వ్యాసం చదవడం మొదలుపెట్టింది.